ఊరికే

మొన్న జూన్‌లో సికింద్రాబాద్‌లోని మా అమ్మ ఇంటికి వెళ్ళిన రెండో రోజు, ఎదురింటి ఆంటీ తలుపు తోసుకుని లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ తాగింది. నేను ఎంత లావయ్యానో చెప్పింది. మా వాడి జుట్టు నిమిరింది. అరగంటకి లేచి వెళ్ళిపోయింది. వాడికి ఎనిమిదేళ్ళు. అంతసేపూ ఓపిక పట్టి, "ఆంటీ ఎందుకొచ్చింది?" అన్నాడు.

"ఊరికే వచ్చింది నాన్నా."

"ఊరికే అంటే?"

చెప్పబోయి ఆగాను. పని లేకుండా అనాలా, కారణం లేకుండా అనాలా, డబ్బులు తీసుకోకుండా అనాలా? మనం ఊరికే కూర్చుంటాం, ఊరికే వస్తాం, ఊరికే ఇస్తాం. అన్నిటికీ ఒకటే మాట. వాడు పుట్టి పెరిగిన అట్లాంటా శివార్లలో ఎవరూ ఊరికే రారు. ముందు మెసేజ్ పెడతారు. ఈ శనివారం కుదరదు, ఆ పై శనివారం అంటారు. వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పట్టుకొస్తారు. వాళ్ళని అనడమెందుకు, నేనూ అంతే. దేవుడి విషయంలో కూడా మా ఇంట్లో అదే పద్ధతి పెట్టాను.

మా ఫ్రిజ్ మీద ఒక చార్ట్ ఉండేది. ఇద్దరు పిల్లల పేర్లు, ఏడు రోజులకి ఏడు గళ్ళు. పొద్దున ప్రార్థన చేస్తే ఒక స్టార్, బైబిల్‌లో ఒక అధ్యాయం చదివితే ఒకటి, కంఠత వాక్యం తెలుగులో చెప్తే రెండు. ఇరవై స్టార్లకి ఐస్‌క్రీమ్. దాని పక్కనే వయొలిన్, మ్యాథ్స్, స్విమ్మింగ్ క్లాసుల టైములు. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని జరుపుకునే తెలుగు ఆరాధనకి ముప్పావుగంట ప్రయాణం. ఆ ముప్పావుగంట కూడా వృథా పోనిచ్చేదాన్ని కాదు, కీర్తనలు నేర్పించేదాన్ని. ఎవరో చూసి "మీ పిల్లలు భలే క్రమశిక్షణగా ఉన్నారండీ" అంటే ఆ రోజంతా కడుపు నిండినట్టుండేది.

దాని వెనకున్నది భక్తి అనుకున్నాను. చాలావరకు భయం. మా ఆరాధనలో హైస్కూల్లో ఉండగా ముందు వరుసలో కూర్చుని పాడిన పిల్లలు కాలేజీకి వెళ్ళాక క్రిస్మస్‌కి మాత్రమే కనిపిస్తారు. ముందు తెలుగు పోతుంది, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత మనతో మాటలు. పైగా తెలుగు క్రైస్తవులకి అమెరికాలో ఇంకో చిక్కు. ఉగాది వేడుకలో మనం కొంచెం పక్కింటివాళ్ళం. అమెరికన్ చర్చిలోనేమో "మీరెప్పుడు క్రైస్తవులయ్యారు?" అని జాలిగా అడుగుతారు. మా ముత్తాత కాలంలో అంటే నమ్మలేనట్టు చూస్తారు. ఇలా రెండు చోట్లా సంజాయిషీ చెప్పుకునే తల్లి పిల్లల్ని గట్టిగా పట్టుకోవాలనుకోవడంలో వింతేముంది?

నేను పెరిగిందీ అలాగే. అమ్మ టీచరు. ప్రతి శుక్రవారం ఉపవాసం, ఈస్టర్‌కి ముందు శ్రమల దినాల్లో నలభై రోజులూ ఒంటిపూట భోజనం. బీరువాలో ఒక పొడుగు రిజిస్టరు ఉండేది, ఎవరి కోసం ఎన్ని రోజులు ప్రార్థన చేసిందో అందులో రాసుకునేది. ఎంసెట్‌లో నాకు ర్యాంకు సరిగ్గా రాలేదు. పరీక్ష వారంలో రెండు రోజులు ప్రార్థన మానేసి పడుకున్నాను, అందుకే అని ఇరవై ఏళ్ళు నమ్మాను. ఫిజిక్స్ సరిగ్గా చదవలేదన్న సంగతి ఎందుకో తట్టలేదు.

ఈ ఫిబ్రవరిలో ఒక శనివారం పెద్దదాని పక్క దులుపుతుంటే దిండు కింద చిన్న స్పైరల్ నోట్‌బుక్ దొరికింది. తేదీ, పక్కన అంకె. పదికి ఆరు. పదికి నాలుగు. ఒకరోజు తొమ్మిది, పక్కన నవ్వుతున్న మొహం. మర్నాడు మూడు. ఆ మూడుని పెన్నుతో ఎంత గట్టిగా దిద్దిందంటే, పేజీ తిప్పితే వెనక వేలికి తగిలింది. ఇదేంటని అడిగితే "ప్రేయర్ స్కోర్" అంది. "నీకు చూపించడానికి కాదమ్మా, నా కోసమే." మూడు ఎందుకొచ్చిందంటే ప్రార్థన మధ్యలో నిద్రపోయిందట. దానికి పదమూడేళ్ళు, ఆ రోజు స్విమ్మింగ్ పోటీ నుంచి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరింది.

నేనేమీ అనలేదు. నోట్‌బుక్ మళ్ళీ దిండు కిందే పెట్టేశాను. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

సికింద్రాబాద్‌లో ఒక మధ్యాహ్నం అమ్మతో గోంగూర తుంచుతూ కూర్చున్నాను. అమ్మకి షుగర్. మూడేళ్ళ కింద శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోతే, ఉపవాసాలు ఇక కుదరవని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ తర్వాతది తెలియదు.

"శుక్రవారం వస్తే దొంగతనం చేస్తున్నట్టుండేది బిడ్డా," అంది. "పొద్దున్నే ఇడ్లీ తినాలె, గోలీ వేసుకోవాలె. తింటూ ఏడ్చేదాన్ని. దేవుడికి ఇయ్యడానికి నా దగ్గర ఇంకేమున్నది అని."

ఆకులు చేటలోకి, కాడలు పేపర్ మీదకి పోతున్నాయి. ఒక ఆకుని కిటికీ వైపు పట్టి, పురుగు తిన్న చిల్లి చూసి, కాడల్లో పడేసింది.

ఆ రోజుల్లోనే చర్చి పాస్టరు అయ్యగారి భార్య వచ్చిందట. ప్రార్థనకి వచ్చిందనుకుని అమ్మ బైబిల్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడ తెరవలేదు. "ఊరికే వచ్చాను ఆంటీ" అని, వంటింట్లోకి వెళ్ళి తనే టీ పెట్టి, కోడలి డెలివరీ కబుర్లు చెప్పి, గంటకి వెళ్ళిపోయింది. ప్రార్థన కూడా చేయలేదు. అమ్మకి మొదట కొంచెం కోపం కూడా వచ్చిందట.

"ఆమె పోయినంక అనిపించింది. ఈమె నా దగ్గరికి ఊరికే రావచ్చు గానీ, దేవుడు మాత్రం నేను కడుపు మాడ్చుకుంటేనే వస్తడా?"

అప్పుడు బైబిల్‌లో మత్తయి సువార్త 11వ అధ్యాయం తీసిందట. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న" వాళ్ళని రమ్మని, విశ్రాంతి ఇస్తానని యేసు అన్న మాట. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద, గోడ గడియారాల మీద, ఆటోల వెనక కనిపించే వాక్యం. "అరవై ఏళ్ళ నుంచి కంఠత వచ్చు. ప్రయాసపడేటోళ్ళంటే పాపం చేసి చేసి అలిసిపోయినోళ్ళు అనుకున్న. ప్రార్థన చేసి చేసి అలిసిపోయినోళ్ళు గూడా అని తెల్వలేదు."

నిజానికి ఆ సువార్తలోనే 23వ అధ్యాయంలో, ఆనాటి యూదు మతపెద్దలు, అంటే శాస్త్రులూ పరిసయ్యులూ, జనం భుజాల మీద మోయలేని బరువులు పెడుతున్నారని యేసు తిడతాడు. ఆ బరువులు దొంగతనాలూ తాగుడూ కాదు, మతం పెట్టిన నియమాలు. ఇది నేను సండే స్కూల్లో చదివిందే. పిల్లలకి చెప్పిందే. చార్ట్‌లో స్టార్ కూడా వేసిందే.

అప్పుడు నోట్‌బుక్ సంగతి చెప్పాను. అమ్మ చేతులు ఆగాయి. చాలాసేపటికి, "నా రిజిస్టరు దానికి దొరికిందన్నమాట," అంది.

ఆ వారమే కారు మాట్లాడుకుని మెదక్ వెళ్ళాం. అమ్మ పుట్టిల్లు అటే. అక్కడి పెద్ద చర్చిని 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ. కరువు రోజులు. రాళ్ళు మోసినవాళ్ళకి కూలీ రూపంలో తిండి దొరికేది. అమ్మ వాళ్ళ తాత కూడా అక్కడ రాళ్ళు మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. 175 అడుగుల గోపురం కింద నిలబడి అమ్మ ఇదంతా చెప్తుంటే పెద్దది అడ్డు తగిలింది. "ఆకలితో ఉన్నవాళ్ళకి ఊరికే పెట్టొచ్చు కదా అమ్మమ్మా? పని ఎందుకు చేయించారు?"

దానికి ఆ మాట ఎప్పుడు అబ్బిందో! నేనైతే ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్ని. అమ్మ ఆలోచించింది.

"ఊరికే పెడితే మా తాత తినేటోడు కాదంట. పౌరుషం ఎక్కువ. పని చేసి తిన్నడు. మంచిదే." కాసేపాగి, "అన్నం కోసం పని చేసిండు బిడ్డా. దేవుడి కోసం చేయలే. అక్కడ ప్రభు సంస్కారంలో రొట్టె అందుకోవడానికి మోకరించినప్పుడు ఆయన గూడా ఉత్త చేతులే చాపిండు," అంది.

లోపల మూడు పెద్ద రంగుల అద్దాల కిటికీలున్నాయి, యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. పగటి వెలుతురు ఉంటేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి, చీకటి పడితే అక్కడేముందో తెలియదు. మేము వెళ్ళినప్పుడు మబ్బుగా ఉంది. కిటికీలు కాస్త మసకగానే కనిపించాయి. చిన్నోడు నేల మీది టైల్స్ లెక్కపెడుతూ తిరిగాడు. పెద్దది ఒక మూల బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాలు చూశాను, ప్రార్థన చేస్తోందా అని. కళ్ళు తెరిచే ఉన్నాయి. అడగబోయి నాలుక కరుచుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దానికి మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన ఇంగ్లీషు బోధకుడు జాన్ వెస్లీ కథ చెప్పాను. సికింద్రాబాద్‌లో బడులకీ కాలేజీకీ ఆ పేరుంది, మెదక్‌కి వచ్చిన మిషనరీలూ ఆయన వారసులే. ఆయన విగ్రహాన్ని మా అమ్మాయి మేముండే జార్జియా రాష్ట్రంలోనే, సవానా ఊరి నడిబొడ్డున చూసింది, ఫొటో కూడా దిగింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా వెస్లీ బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు, తెల్లవారుజామున లేచేవాడు, డైరీలో గంటగంటకీ తన భక్తికి ఒక అంకె వేసుకునేవాడు.

"అంకెనా?" అంది పెద్దది.

"అంకే. 1735లో ఓడెక్కి జార్జియా వచ్చాడు, అక్కడి ఇండియన్లని క్రైస్తవులుగా మార్చాలని. మన ఇండియన్లు కాదులే, అమెరికా ఆదివాసులు. రెండేళ్ళు కష్టపడి, అందరితో గొడవలు పడి, ఓడిపోయి ఇంటికెళ్ళాడు. ఇండియన్లని మార్చడానికి పోయాను, నన్నెవరు మారుస్తారు అని రాసుకున్నాడు."

"తర్వాత?"

1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూటానికి వెళ్ళాడు, అదీ ఇష్టం లేకుండానే. అక్కడెవరో రోమా పత్రికకి, అంటే బైబిల్‌లో పౌలు రోమువాళ్ళకి రాసిన ఉత్తరానికి, జర్మన్ సంస్కర్త లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. ఆయన చేసిందేమీ లేదు, కూర్చుని విన్నాడంతే. గుండె వింతగా వెచ్చబడిందని, క్రీస్తు ఒక్కడి మీదే ఆనుకున్నానని, నా పాపాలు పోయాయన్న నిశ్చయం కలిగిందని రాశాడు. ఆ తర్వాత ఊరికే కూర్చోలేదు, గుర్రం మీద జీవితమంతా తిరిగి ప్రసంగాలు చేశాడు. దేవుడు ఒప్పుకోవాలని తిరగడం వేరు, ఒప్పుకున్నాడని తిరగడం వేరు. ఈ మాట పెద్దదానికి చెప్పాను గానీ, అది అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను చెప్పుకున్నది నాకే.

అట్లాంటా వచ్చాక చార్ట్ తీసేశాను. మా ఆయనకి నచ్చలేదు. "అన్నీ వదిలేస్తే పిల్లలు చేతికి దొరుకుతారా?" అన్నాడు. అది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు, నాకూ రాత్రుళ్ళు అదే టెన్షన్. కుటుంబ ప్రార్థన ఉంచాం, తెలుగు ఉంచాం, ఆదివారం ఉంచాం. లెక్క మాత్రం తీసేశాం. కారులో కీర్తనలు వాళ్ళు అడిగితేనే. ఎక్కువగా అడగరు. అమ్మ ఇప్పుడు శుక్రవారం ఉపవాస ప్రార్థనకి సీసాలో మజ్జిగ పట్టుకెళ్ళి, అందరి ముందే తాగి, అందరికంటే గట్టిగా పాడుతోందట. పెద్దదాని నోట్‌బుక్ ఏమైందో నేను అడగలేదు. దిండు కింద వెతకలేదు కూడా, చెయ్యి అటు పోయిన మాట నిజం.

చిన్నోడికే ఇది మింగుడు పడలేదు. పోయిన గురువారం వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. బైబిల్‌లో యెషయా గ్రంథం 55వ అధ్యాయం మొదటి వచనం నేర్చుకున్నాడట, తనంతట తనే. "రూకలు లేనివారలారా" దాకా వచ్చి, "రూకలు అంటే?" అన్నాడు.

"డబ్బులు."

"ఓకే. దీనికి ఎన్ని స్టార్లు?"

"స్టార్లు లేవు కదా నాన్నా ఇప్పుడు."

"మరి ఐస్‌క్రీమ్?"

"ఐస్‌క్రీమ్ ఉంది. ఊరికే తిను."

ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, చార్ట్ ఉండిన చోటు ఒకసారి, నా మొహం ఒకసారి అనుమానంగా చూశాడు. పెద్ద గరిటెతో రెండుసార్లు వేసుకుని, నేను మనసు మార్చుకునేలోపు టీవీ గదిలోకి వెళ్ళిపోయాడు. వచనం మాత్రం పూర్తిగా అప్పజెప్పలేదు.