గంటలో అయిపోతుందట!

అమ్మ పట్టుచీరతో, స్టీలు చెంచాలతో హాల్లో పేపరు బొమ్మకి ఒక గౌను కుడుతున్నా. "ఇన్ని కుట్లెందుకే, గ్లూ గన్ తెచ్చుకుంటే గంటలో అయిపోయేది కదా!" అని వదిన వెళ్తూ వెళ్తూ అనేసి పోయింది. నవ్వి ఊరుకున్నా. ఇప్పుడు పదకొండున్నర, నిద్ర లేదు.

గ్లూ గన్ జిగురు స్టీలు చెంచా మీద నిలవదు. చల్లటి స్టీలు తగలగానే వేడంతా లాగేసుకుంటుంది, సరిగ్గా పట్టుకునే లోపే జిగురు గడ్డకడుతుంది. నాలుగు రోజులు పోయాక గోటితో గీరితే పొరలా ఊడొస్తుంది. అదే పట్టు మీదైతే పోగుల్లోకి దిగి కూర్చుంటుంది. లాగితే పట్టు కూడా వస్తుంది. మే నెల ఎండలో కారులో పెట్టామా, మెత్తబడి చెంచాలన్నీ కిందికి జారతాయి. పోనీ ఫెవిక్విక్ లాంటి చుక్కల జిగురు వాడదామంటే చుట్టూ తెల్లటి మరక పడుతుంది. ఆఖరికి చెంచా తిరిగి పోపులపెట్టె దగ్గరికి వెళ్లాలంటే? ఇంట్లో వస్తువును గౌనుకి పెట్టామంటే మళ్లీ విప్పుకునేలా ఉండాలి. లేకపోతే అది వస్తువును చంపుకోవడమే.

హాల్లో నిలబడ్డ 'ఆవిడ' అంటే ఆ బొమ్మే. మొండెం కుదిరింది. ఒంటి మీద వేసుకున్న పాత టీషర్టు మీద బ్రౌన్ టేపు మూడు వరసలు, వీపున కోసి తీసి, లోపల పేపర్లు కూరడం. దాని మీద అంగుళం వెడల్పు పేపరు ముక్కలు, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస, మొత్తం ఆరు. పుస్తకాల బైండింగు వాళ్లలా, అంటించే మైదా పిండిలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం, పిల్లలకి అందకూడదు. వానాకాలంలో రెండు వరసలకి మించి ఒకేసారి వేస్తే పైన ఎండినట్టే ఉంటుంది, లోపల బూజు. పట్టుకి మైలుతుత్తం తగలకుండా మధ్యలో ముతక గాడా గుడ్డ వేయాల్సిందే.

బరువు దగ్గరే అసలు తంటా. చెంచా 20 గ్రాములనుకుంటే అరవై చెంచాలు 1.2 కిలోలు. అంతా నడుము మీద పడితే పేపరు అక్కడే నలిగిపోతుంది. పాత మంచం నవారు రెండు పట్టీలు భుజాల మీదుగా దింపి, తీగల జాలీతో చేసిన లంగాను వాటికి వేలాడదీయాలి. స్టీలుకి కన్నం వేయడం నాకు నచ్చదు. డ్రిల్లు స్పీడు పెంచితే స్టీలు ఇంకా గట్టిపడి బిట్టు మాడిపోతుంది. చెంచా మెడ దగ్గర వైండింగు వైరు నాలుగు చుట్లు చాలు. మోటార్లు బాగుచేసే షాపుల్లో దొరుకుతుంది. రాగే, కానీ పైన పూత ఉంటుంది కాబట్టి చిలుము పట్టదు. ఇనప బైండింగు వైరు అయితే మొదటి వానకే తుప్పు, ఆ మరక పట్టు మీద ఇక పోదు.

స్టీలంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ నల్లకుంటలో మా సందులోకి "పాత బట్టలకు స్టీలు సామాన్లే" అంటూ గంపతో వచ్చేది ఒకావిడ. నాలుగు చీరలకి ఒక టిఫిను డబ్బా. అమ్మ బేరం గంట సాగేది. ప్యాంట్లకి విలువ ఎక్కువని నాన్నవి దాచేది, ఆయన వెతుక్కునేవాడు. పట్టుచీరలకి వేరే అతను. జరీ పోగు గీకి చూసేవాడు. తెల్లగా వెండి కనిపిస్తే ధర, ఎర్రగా రాగి కనిపిస్తే మూతి విరుపు. కొన్న చీరని కాల్చేసి వెండి తీసుకుంటారని ఎవరో చెప్తే అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు. చేతిలో డబ్బు మాత్రం లెక్కపెట్టుకుంది. ఈ గౌను మీద చీరా చెంచాలూ పక్కపక్కనే ఉన్నాయంటే, ఆ గంప ఆవిడ చూస్తే నవ్వేదేమో.

అందుకే అమ్మ చీరకి కత్తెర పెట్టనని మొండికేశాను. సాలార్ జంగ్ మ్యూజియంలో రెబెక్కా ముసుగులా మడతలు నిలవాలనీ ఆశ! శిల్పి బెంజోనీ చెక్కింది పాలరాయి, నిలుస్తుంది. మనది పట్టు, కూలబడుతుంది. రాస్తూ రాస్తూ మనసు మారింది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీర, జరీ గట్టిదనం వల్ల ఆ గీత మీదే చిట్లిపోయింది. అక్కడ కత్తెర పెడితే కొత్తగా తెగేదేముంది? చిట్లిన గీత వెంటే ముక్కలు చేసి, ఒక్కో ముక్క కింద పల్చటి మల్లు గుడ్డ వేసి, సన్న సూదితో, పట్టు దారంతో, పోగుల మధ్య నుంచి కుట్టాలి. గట్టిగా లాగితే కుట్టు పక్కనే కొత్త చిరుగు మొదలవుతుంది. అంచుకి వేలాడే బరువేదీ వద్దు, చెంచాలన్నీ జాలీకే. జాలీ కొసలు లోపలికి వంచి గుడ్డ పట్టీ చుట్టాలి, లేకపోతే పట్టుని పీకుతుంది. కొంగు మాత్రం కోయను. కోయనంటే కోయను. దాన్ని వెనకనుంచి అలాగే దింపుతాను.