ఓటీ లైసెన్సు రెన్యువల్‌లో ఎక్కడ ఇరుక్కుంటారంటే

అమెరికాలో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టులు (ఓటీలు, అంటే రోజువారీ పనులు చేసుకోగలిగేలా రోగులకు చికిత్స ఇచ్చేవారు) చాలామంది "ఎన్‌బీసీఓటీ రెన్యూ అయింది కదా, ఇంకేం" అనుకుంటారు. ఎన్‌బీసీఓటీ అనే జాతీయ బోర్డు ఇచ్చేది సర్టిఫికేషన్ మాత్రమే. దానికి మూడేళ్లకోసారి 36 పీడీయూలు (వృత్తి నైపుణ్యాభివృద్ధి యూనిట్లు) చూపించాలి, మార్చి 31 గడువు. అది వదిలేస్తే పేరు పక్కన ఓటీఆర్ అనే ఆ సర్టిఫికేషన్ హోదా రాసుకోకూడదు. పేషెంటుని ముట్టుకోవాలంటే మాత్రం రాష్ట్ర బోర్డు లైసెన్సు ఉండాల్సిందే. దాని గడువు వేరు, చేయాల్సిన శిక్షణ గంటల లెక్క వేరు.

టెక్సస్‌లో రెండేళ్లకు 24 గంటలు, గడువు పుట్టిన నెలాఖరు. మనుషుల అక్రమ రవాణా మీద ఆమోదించిన కోర్సు కూడా చేయాలి. ఫ్లోరిడాలో 26 గంటలు. అందులో వైద్య తప్పిదాల నివారణకు 2, ఆ రాష్ట్ర చట్టాలు, నిబంధనలకు 2. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొత్తం 30 గంటలు చేసినా సరే, ఆ చట్టాల కోర్సు లేకపోతే లెక్క తక్కువే. న్యూయార్క్ పద్ధతి ఇంకో తీరు: లైసెన్సు శాశ్వతం, మూడేళ్లకోసారి రెన్యూ చేసేది రిజిస్ట్రేషన్. దానికి 36 గంటలు.

కొత్త రాష్ట్రానికి మారేటప్పుడు అన్నిటికంటే ఆలస్యమయ్యేది వెరిఫికేషన్, అంటే మీ లైసెన్సు వివరాలను పాత బోర్డు ధ్రువీకరించడం. ఇదివరకు లైసెన్సున్న ప్రతి రాష్ట్రం నుంచీ, ఎప్పుడో గడువు తీరిపోయినవి సహా, అడగడం మామూలే. అది పాత బోర్డు నుంచి కొత్త బోర్డుకి నేరుగా వెళ్లాలి. మీరు స్కాన్ చేసి పంపిన కాపీ చెల్లదు. అందుకే ఫారం నింపకముందే వెరిఫికేషన్లకు ఫీజు కట్టేయడం మంచిది. ఇక మన ఇంటిపేర్ల గొడవ ఉండనే ఉంది. పాస్‌పోర్టులో ఒకలా, ఎన్‌బీసీఓటీ రికార్డులో ఇంకోలా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ముందు పేరు సరిచేయించుకుని, ఆ తర్వాతే అప్లై చేయండి.

లైసెన్సు చేతికొచ్చినా ఇదివరకు చేసిన పనులన్నీ చేయొచ్చని కాదు. కాలిఫోర్నియాలో అల్ట్రాసౌండ్, ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ లాంటివి వాడాలన్నా, హ్యాండ్ థెరపీ చేయాలన్నా, మింగడంలో ఇబ్బందులకు చికిత్స చేయాలన్నా బోర్డు నుంచి విడిగా అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ అనుమతి తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో పదేళ్లు చేసిన అనుభవం దీనికి బదులు కాదు. టెలిహెల్త్‌లో (ఆన్‌లైన్‌లో చికిత్స) లైసెన్సుకు చూసేది పేషెంటు ఏ రాష్ట్రంలో కూర్చున్నారన్నది, మీరెక్కడున్నారన్నది కాదు.

ఓటీ కాంపాక్ట్‌ని (సభ్య రాష్ట్రాల మధ్య లైసెన్సు ఒప్పందం) అన్ని రాష్ట్రాలకూ పనికొచ్చే లైసెన్సు అనుకోవద్దు. మీరు నిజంగా నివసిస్తున్న రాష్ట్రం అందులో సభ్యురాలై ఉండాలి, అక్కడి లైసెన్సు మీద ఆంక్షలేవీ ఉండకూడదు, ఎఫ్‌బీఐ వేలిముద్రల తనిఖీ అవ్వాలి. పని చేయదలచిన ప్రతి సభ్య రాష్ట్రానికీ విడిగా ప్రివిలేజ్ (అక్కడ పనిచేసే అనుమతి) కొనుక్కోవాలి. దాని ఆయుష్షు సొంత రాష్ట్రపు లైసెన్సు ఉన్నంతవరకే. అక్కడ రెన్యువల్ తప్పితే మిగతా రాష్ట్రాల్లోనూ ఆ రోజు నుంచే పని ఆపేయాలి.