నాన్నకి పేస్‌మేకర్ ఉంది, మరి షాక్ ఇస్తారా?

నాన్నకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) మందులతో దారికి రాలేదు, కార్డియోవర్షన్ చేద్దాం అన్నారు డాక్టర్ గారు. అంటే ఆ లయ సరిచేయడానికి ఛాతీకి కరెంట్ షాక్. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు, పేస్‌మేకర్ ఉన్న మనిషికి అంత కరెంట్ పెడితే అది పాడవదా, ఆగిపోతే నాన్న ఏమైపోతారు అని రాత్రంతా అదే ఆలోచన.

పొద్దున్నే అడిగేశా. ఆయన విసుక్కోకుండా కూర్చుని చెప్పారు. ఈ పరికరాల్లో షాక్‌ని తట్టుకునే రక్షణ లోపలే ఉంటుందట, అయినా షాక్ ఇచ్చే ప్యాడ్ సరిగ్గా దాని మీదే పెడితే సెట్టింగ్స్ మారిపోవచ్చు, లేదా వైరు కొన తగిలే చోట గుండె కండరం దెబ్బతిని పేసింగ్ (గుండె కొట్టుకునేలా పేస్‌మేకర్ ఇచ్చే చిన్న కరెంట్) సరిగా అందకపోవచ్చు. అందుకే ప్యాడ్‌లు పరికరానికి కనీసం 8 సెంటీమీటర్లు దూరంగా, ఒకటి ముందు ఒకటి వీపు మీద పెడతారు. అవసరమైతే బయటినుంచి పేసింగ్ ఇచ్చే మెషిన్ పక్కనే రెడీగా ఉంటుంది.

నిజానికి నేను అస్సలు పట్టించుకోని భయం ఇంకొకటి ఉంది, గుండెలో రక్తం గడ్డ ఉంటే అది కదిలి మెదడుకి వెళ్ళి పక్షవాతం రావడం. దానికోసమే ముందు 3 వారాలు రక్తం పలచబరిచే మందు ఒక్క పూట కూడా తప్పకుండా వేయించారు, తర్వాత కనీసం 4 వారాలు ఆపొద్దన్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా చేస్తుంటే పేస్‌మేకర్ వివరాలుండే కార్డు చూపించండి, షాక్‌కి ముందూ తర్వాతా పరికరం చెక్ చేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి.

నాన్నకి చెక్ చేశారు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. మత్తు దిగాక "ఇంకా మొదలెట్టలేదా" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.