పాత రింగులు, కొత్త ఉప్పునీళ్లు: 16 రోజుల లెక్క

ఉప్పల్‌లో మా అద్దింటి హాల్లో సముద్రపు చేపల కోసం 18×14×14 అంగుళాల గాజు తొట్టె పెట్టి నెల దాటింది. రాళ్లు, ఇసుక, పైన రెండు వేళ్ల ఖాళీ పోను అందులో పట్టినవి 45 లీటర్ల నీళ్లు. ఉప్పు సుమారు 1.7 కిలోలు పట్టింది. వంటింటి ఆర్వో నీళ్లు పోద్దామనుకున్నాను గానీ మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 60 చూపించింది. రుచి కోసం మామూలు నీళ్లు కాస్త కలిపే కంట్రోలర్ దాంట్లో ఉందట. దాన్ని మూసేసి, చివర మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ కార్ట్రిడ్జ్ తగిలిస్తే సున్నాకి వచ్చింది.

రాళ్లు ఎండువే. పగడాలు మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అందుకే సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ (బాక్టీరియాతో సహా వచ్చే పగడపు రాయి) అని ఎవరు చూపించినా నేను ముట్టను. కాకపోతే ఎండు రాయిలో బాక్టీరియా ఉండదు. చేప వదిలే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవాళ్లని బయటి నుంచి తేవాల్సిందే.

ఇక్కడే ఒక తెలివితక్కువ పని చేశాను. ఇంట్లో గప్పీల ట్యాంకు ఉంది కదా అని దాని స్పాంజి తెచ్చి ఉప్పునీళ్లలో వేశాను. 12 రోజులు చూశాను. అమోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దగ్గర పెట్టింది పెట్టినట్టే ఉంది. మంచినీళ్లకి అలవాటుపడ్డ బాక్టీరియా ఒక్కసారిగా ఉప్పులో పడితే పని చేయదని కూకట్‌పల్లి మిత్రుడు ముందే చెప్పాడు, నేనే వినలేదు.

వాడిది మూడేళ్ల ఉప్పునీళ్ల ట్యాంకు. సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టెలో, బాక్టీరియా కాపురముండే సెరామిక్ రింగుల్లో ఓ లీటరు కొలత ఇస్తానన్నాడు. "కుళాయి కింద మాత్రం కడగకురా, క్లోరిన్‌కి అన్నీ చస్తాయి" అని రెండుసార్లు చెప్పాడు. రింగుల్ని ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి, అడుగున రెండు అంగుళాలు వాడి ట్యాంకు నీళ్లే పోసి, పైన తడి టిష్యూ కప్పాం. నిండా నీళ్లు పోసి బిగించేస్తే ఆక్సిజన్ అయిపోతుంది. ఇలా అయితే గాలి ఆడుతుంది. మెట్రోలో సెక్యూరిటీ ఆమె మూత తీయించి, "ఏందివి, సుద్దముక్కలా?" అంది. అవునన్నాను, ఇంకేం చెప్పను. గంటన్నరలో రింగులు ట్యాంకు అంచుకి తగిలించే మా హ్యాంగ్-ఆన్ ఫిల్టర్లో పడ్డాయి.

1వ రోజు: పాత అమోనియా నీళ్లు మార్చేశాక, బాక్టీరియాకి ఆహారంగా అమ్మోనియం క్లోరైడ్. అంటే కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరమే. కాకపోతే బజారు సరుకు కాకుండా ల్యాబ్ గ్రేడ్ తీసుకున్నాను. 10 గ్రాములు అరలీటరు ఆర్వో నీళ్లలో కరిగిస్తే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. అందులో 14 మిల్లీలీటర్లు పోస్తే మా 45 లీటర్లలో అమోనియా దాదాపు 2 పీపీఎం అవుతుంది. వేడి 26 డిగ్రీలు, సాంద్రత 1.025.

2వ రోజు పొద్దున్నే టెస్ట్ ట్యూబ్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ట్యూబ్ లైటు కింద ఈ రంగులు నమ్మలేం. తెల్లకాగితం మీద పెట్టి చూస్తే నిన్నటి ముదురు ఆకుపచ్చ పోయి, నిమ్మపండు మీద కాస్త పచ్చ మిగిలినట్టుంది. అమోనియా 0.5 అనుకోవచ్చు. నైట్రైట్ ట్యూబు మాత్రం నేరేడు రంగు.

3వ రోజుకి అమోనియా సున్నా. నైట్రైట్ దిగడానికి 6వ రోజు దాకా పట్టింది. నైట్రైట్‌ని తినే జాతి కాస్త నెమ్మది, కదిలిస్తే అలుగుతుంది కూడా. మధ్యలో ఓ రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, రింగుల్ని తీసి ట్యాంకులోనే ఓ జాలీ బుట్టలో వేలాడదీశాను. నీళ్లు ఆగిపోయిన ఫిల్టర్లో అవి ఊపిరాడక పోతాయని టెన్షన్.

6వ రోజు రెండో డోసు. మర్నాడు అమోనియా 0.25, నైట్రైట్ 0.5. 10వ రోజు మూడో డోసు. 24 గంటల్లో రెండూ సున్నా.

నైట్రేట్ కొలిస్తే 20 చూపించింది. ఇది నాకు బాగా నచ్చిన భాగం. ఒక వంతు అమోనియా 3.6 వంతుల నైట్రేట్ అవుతుంది. మూడు డోసులు కలిపి 6 పీపీఎం, అంటే 22 దాకా రావాలి. లెక్క కుదిరింది. అమోనియా ఎక్కడికీ ఆవిరైపోలేదు, బాక్టీరియానే తినింది.

సగం నీళ్లు మార్చి, 16వ రోజు చిన్న క్లౌన్‌ఫిష్ జంటను వదిలాను, సముద్రంలో పట్టినవి కాదు, ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి. రెండే, ఇప్పట్లో మూడోది లేదు. రింగుల మీద బాక్టీరియా దానికి అందే తిండిని బట్టే ఉంటుంది. మిత్రుడి ట్యాంకులో ఇరవై చేపల్ని మోసింది కదా అని ఇక్కడ మోయదు. రోజూ ఆవిరయ్యే ముప్పావు లీటరుకి బదులు ఆర్వో నీళ్లే పోస్తున్నాను, ఉప్పు కలపకుండా.

నిన్న ఫిల్టర్ మూత తీస్తే ఒక రింగు అంచున చిన్న గోధుమరంగు పువ్వు ఊగుతోంది. ఐప్టేసియా, ట్యాంకులకి పట్టే ఓ చీడ ఎనిమోన్. ఒక్కటి వదిలేస్తే ట్యాంకంతా పాకుతుంది. ఫోటో పంపితే మిత్రుడి జవాబు: "అది ఫ్రీ రా." ఆ రింగు తీసి ఎండలో పడేశాను.