వేరు రంగే కదా అనుకున్నాం

నిన్న సత్యనారాయణపురంలో మా పిన్ని ఇంట్లో నూలు చున్నీలకు మంజిష్ఠ వేరుతో రంగు వేశాం. పప్పు వండే గిన్నెలోనే మరిగించబోతుంటే ఆపేశాను. "చెట్టు వేరు నుంచి వచ్చిన రంగేగా, ఏమవుతుందే?" అంది పిన్ని.

మంజిష్ఠకు దగ్గరి చుట్టం, మాడర్ అనే మొక్క ఉంది. దాని వేరు రంగును మేతలో కలిపి పెడితే ఎలుకల కిడ్నీల్లో క్యాన్సర్ గడ్డలు వచ్చాయి. జపాన్ 2004లో ఆహారంలో ఆ రంగును నిషేధించింది. ఆ వేరులో ఉండే లూసిడిన్ అనే పదార్థం శరీరంలో మారి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. అది కడుపులోకి వెళ్లినప్పటి మాట. బాగా ఉతికిన చున్నీ వేసుకోవడానికి నాకైతే టెన్షన్ లేదు. కానీ రోజూ రంగు బానల దగ్గర నిలబడే పెడన కలంకారీ పనివాళ్లు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. వాళ్లకు గ్లౌజులు, మాస్కులు ఎవరిస్తారు?

పిన్ని పాత స్టీలు గిన్నె ఒకటి తీసి, రంగులకే అని పక్కన పెట్టేసింది.