పుండుకి లక్షలిచ్చారు, కుషన్‌కి కాదన్నారు

వీల్‌చైర్ సీటు ఒత్తిడికి పడ్డ పుండు మానింది కాబట్టే కూర్చుని ఇది రాయగలుగుతున్నాను. రణస్థలం దగ్గర హైవే మీద బండి జారి మెడ విరగడం, ఆపరేషను, నెలల తరబడి ఫిజియోథెరపీ, ఇవన్నీ వదిలేస్తున్నా, చాలామంది రాసినవే. దెబ్బ సీ6 దగ్గర, అంటే మెడలో ఆరో ఎముక దగ్గర. మోచేతులు వంగుతాయి, వేళ్లు పట్టవు, ఛాతీ కింద స్పర్శ లేదు. అప్పు చేసి మోటారు వీల్‌చైర్ కొన్నాం, జాయ్‌స్టిక్‌ని అరచేత్తో నెట్టి నడుపుతాను.

దాంతో వచ్చిన సీటు మామూలు ఫోమ్. థెరపిస్ట్ అమ్మాయి ముందే చెప్పింది, గాలి గదులుండే కుషన్ వేయించుకోండి, వీలైతే సీటు మొత్తం వెనక్కి వాలే టిల్ట్ పెట్టించండి అని. స్పర్శ ఉన్నవాడు తెలియకుండానే అటూ ఇటూ మసులుతాడు, నేను మసలను, అరగంటకోసారైనా కూర్చున్న చోట బరువు తీయకపోతే లోపల కండ చచ్చిపోతుందంది. కొటేషన్ తెచ్చి కంపెనీ ఇన్సూరెన్స్‌కి పంపాం. ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి, "కుర్చీ ఉంది కదా సార్, ఇంకా సుఖం కావాలంటే సొంత డబ్బులు పెట్టుకోవాలి" అన్నాడు. సుఖమట! ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ రాత్రి. రాజాంలో మా ఇల్లు, కరెంటు పోయింది, నాకు పళ్లు టకటకా కొట్టుకుంటూ చలి. మలేరియా అనుకున్నాం. అమ్మ ఏదో వాసనొస్తోందని నన్ను పక్కకి తిప్పి సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. పిరుదు ఎముక మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, చుట్టూ చీము, పక్కబట్ట తడిసి చర్మానికి అంటుకుపోయింది. నాకు నొప్పే లేదు, అదే ఎక్కువ భయమేసింది. అమ్మ "సూర్నారాయణమూర్తీ, నా కొడుకుని ఒగ్గీకు తండ్రీ" అంటూనే ఉంది. 108 కుర్రాళ్లు వచ్చేసరికి బీపీ పడిపోయింది. వాళ్ల పేర్లు కూడా అడగలేదు, ఇద్దరూ చల్లగా ఉండాలి. దారంతా ఒకడు నా చెంప మీద తడుతూ, "అన్నా, కళ్లు మూయకు, ఏటి కాదు" అంటూనే ఉన్నాడు.

విశాఖలో చచ్చిన కండ కోసేశారు, తర్వాత ఫ్లాప్ సర్జరీ, అంటే పక్క నుంచి చర్మం, కండ జరిపి గుంట మూయడం. నెలల తరబడి బోర్లా, పక్కకీ పడుకోవడం. ఆ బిల్లు లక్షల్లో వచ్చింది, ఇన్సూరెన్స్ వాళ్లు పెద్దగా అడక్కుండానే కట్టారు. డబ్బులు కోత పెట్టింది దేనికో తెలుసా? పుండు పెరగకుండా వేసిన ఎయిర్ బెడ్ అద్దెకి. పాలసీలో రావని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ చెప్పిన 68 వస్తువుల జాబితాలో ఎయిర్ బెడ్ ఉంది, సర్వైకల్ కాలర్ కూడా ఉంది. పుండు పడ్డాక కోయడానికి ఇస్తారు, పడకుండా ఆపేదానికి ఇవ్వరు, ఈ లెక్క ఎవరు వేశారో గానీ.

మా అప్ప కొడుకు విశాఖలో అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ ఆఫీసులో నైట్ షిఫ్ట్ చేస్తాడు. వాడొచ్చి కాగితాలన్నీ ముందేసుకున్నాడు. అప్పు మీద అప్పు చేసి కుషన్ కొన్నప్పుడు షాపువాడు బిల్లులో "వీల్‌చైర్ యాక్సెసరీస్" అని ఒకటే లైను కొట్టాడు. "మావయ్యా, ఇలా ఉంటే ఎవడైనా రిజెక్టే చేస్తాడు. అక్కడ టిల్ట్‌కి ఇ1002, హెడ్‌రెస్ట్‌కి ఇ0955, దేని కోడు దానిదే, ఎందుకు కావాలో డాక్టరు రాయాలి" అన్నాడు. అమెరికాలో అంతా ఫ్రీ అనుకోకండి, ముసలివాళ్లకీ వికలాంగులకీ అక్కడి సర్కారు ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్ ఒప్పుకున్నా ఐదో వంతు పేషెంటే కట్టాలట, సీటు పైకి లేచే మోటారుకి వాళ్లు సరేనన్నది 2023లోనేనట.

వాడు చెప్పినట్టే బిల్లు విడదీయించి మళ్లీ రాయించాం. డాక్టరు లెటర్లో "కుషన్ అవసరం" అని ఊరికే రాస్తే పనికిరాదు. స్పర్శ లేదు, సొంతంగా బరువు మార్చుకోలేడు, ఫలానా చోట నాలుగో గ్రేడ్ (కండ, ఎముక దాకా దిగిన) పుండుకి సర్జరీ అయింది, కాబట్టి ఇది కావాలి, అలా ఉండాలి. పాలసీ కాగితాలు మొత్తం చదివితే, ఆసుపత్రి బయట వాడే పరికరాలకి వేరే చిన్న లిమిట్ ఒకటి కనబడింది, మాకెవరూ చెప్పలేదు. మీది గ్రూప్ పాలసీ (కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకునేది) అయితే ముందు అది వెతకండి. కుషన్ డబ్బులు అందులోంచే వచ్చాయి.

అమ్మ మాత్రం అంతా అరసవల్లి స్వామి దయే అంటుంది. మొక్కు తీర్చుకోడానికి వెళ్లాం, రథసప్తమి జనంలో కుర్చీ కదలదని మామూలు రోజు చూసుకుని. నేనూ దణ్ణం పెట్టుకున్నా, నిజం చెప్పాలంటే ఆ 108 కుర్రాళ్ల కోసం ఎక్కువసేపు.

టిల్ట్‌కి ఇంకా ఒప్పుకోలేదు, "అవసరం రుజువు కాలేదు" అని మెయిల్. దాని బదులు అమ్మే అరగంటకోసారి నన్ను ముందుకు, బల్ల మీదకి వంచి పట్టుకుంటోంది, ఆవిడ నడుం సంగతి ఎవరడుగుతారు. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చాం. నెలలోపు తేల్చకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి, హైదరాబాద్‌కి, వెళ్లొచ్చు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మీలో ఎవరికైనా టిల్ట్ క్లెయిమ్ పాసై ఉంటే డాక్టరు చేత ఏం రాయించారో కాస్త చెప్పండి, టిల్ట్ కోసం మా డాక్టరు లెటర్ ఇంకా పంపలేదు.