డోర్ ప్యానెల్స్‌కి రంగు వేసిన ఆదివారం

కారు లోపలి ప్లాస్టిక్‌కి రంగు వెయ్యాలి, ఫిబ్రవరి కోసమే ఈ పని ఆపి ఉంచాను. మా విజయవాడలో మే నెల ఎండకి స్ప్రే ప్యానెల్‌ని చేరేలోపే సగం ఆరిపోయి పొడిపొడిగా పడుతుంది. వానాకాలంలో గాలిలో తేమ వల్ల రంగు మీద తెల్లటి మసక వస్తుంది. ఈ నెలలో పొద్దున మంచు విడిచాక, పది నుంచి మూడు దాకా గాలి పొడిగా, వెచ్చగా ఉంటుంది.

కారు నాన్నది, 2008లో కొన్న వ్యాగనార్. గుడివాడ దగ్గర మా ఊరి నుంచి బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, అమ్మ పచ్చళ్ళ జాడీలు అన్నీ దీంట్లోనే వచ్చాయి. ఇంజిన్ ఇప్పటికీ చక్కగా ఉంది. లోపల ప్లాస్టిక్ మాత్రం, ముఖ్యంగా వెనక డోర్లూ డిక్కీ పక్కలూ, తెల్లటి గీతలతో నిండిపోయింది. ఆటోనగర్‌లో పాత బళ్ళ నుంచి తీసిన ప్యానెల్స్ చూశాను, అవీ ఇలాగే ఉన్నాయి. ఈ కారు ఇంకా చాలా ఏళ్ళు మా ఇంట్లో ఉండాలని నా కోరిక. అందుకే ఉన్నవాటినే బాగుచేద్దామనుకున్నాను.

ఊడదీసే పని నిన్న సాయంత్రమే అయిపోయింది. లోపలి హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, చేయి ఆనించుకునే చోట ఇంకొన్ని, చుట్టూ క్లిప్పులు. చేత్తో తిప్పి అద్దం దించే హ్యాండిల్ దగ్గర మాత్రం స్క్రూ కనబడదు. వెనకాల సన్నటి తీగ క్లిప్ ఉంటుంది. ఒక పాత గుడ్డ ముక్క హ్యాండిల్‌కీ ప్యానెల్‌కీ మధ్య దూర్చి అటూ ఇటూ లాగితే అది టప్‌మని ఊడి ఎగురుతుంది. నాన్న కుర్చీ వేసుకుని, ఒళ్ళో స్టీలు పళ్ళెం పెట్టుకుని ఒక్కో స్క్రూ అందుకున్నారు. ఏది ఏ డోర్‌దో కాగితం మీద రాసి పెట్టారు కూడా. "రేపు బిగించేటప్పుడు ఒక్కటి కూడా మిగలకూడదురా" అన్నారు.

ప్యానెల్ తిరగేసి చూడటం నాకు చాలా ఇష్టమైన పని. వెనకవైపు రెండు బాణం గుర్తుల మధ్య ఆ ప్లాస్టిక్ పేరు అచ్చుపోసి ఉంటుంది. డోర్ ప్యానెల్స్ మీద పీపీ అని, పక్కనే టీడీ20 అని ఉంది. అంటే పాలిప్రొపిలీన్, అందులో 20 శాతం టాల్కం పొడి. మధ్యలో స్టీరియో చుట్టూ ఉండే చట్రం మీద ఏబీఎస్ అని ఉంది. రంగు వేసేవాడికి ఈ రెండూ పూర్తిగా వేర్వేరు. ఏబీఎస్‌కి రంగు సులువుగానే పట్టుకుంటుంది, కాకపోతే ఘాటైన థిన్నర్ తగిలితే కరుగుతుంది. పాలిప్రొపిలీన్‌కి థిన్నర్‌తో పెద్దగా ఏమీ కాదు, కానీ రంగూ అంత తేలిగ్గా అంటదు. దాని మీద నీళ్ళు పోస్తే చేమాకు మీద పోసినట్టే బొట్లు బొట్లుగా జారిపోతాయి. నీళ్ళు జారినట్టే రంగూ పట్టు లేకుండా ఉండిపోతుంది. ఆరినప్పుడు బ్రహ్మాండంగా కనబడుతుంది, నెల తర్వాత గోరు తగిలితే పొర పొరగా లేచి వస్తుంది.

ఇంకో సంగతి. గీతలు తెల్లగా కనబడేది ఆ టాల్కం వల్లే. ప్యానెల్ గట్టిగా ఉండాలని ఆ పొడి కలుపుతారు. గీత పడ్డచోట ప్లాస్టిక్ చెదిరి, లోపలి పొడి పైకి తేలి తెల్లగా మెరుస్తుంది. మనం బియ్యం తెచ్చుకునే అల్లిక బస్తా కూడా పాలిప్రొపిలీనే, పెళ్ళిళ్ళలో వేసే ప్లాస్టిక్ కుర్చీ కూడా అదే. ఈ ప్లాస్టిక్‌ని తయారుచెయ్యడం సాధించినవాళ్ళలో ఒకడైన ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టాకి 1963లో నోబెల్ కూడా వచ్చింది. గీకిన బస్తా, గీసుకుపోయిన ప్యానెల్ రెండూ ఒకే ప్లాస్టిక్ కావడం నాకు భలే వింతగా అనిపించింది.

పొద్దుటి పనంతా కడగడమే. ఆటోనగర్‌లో డ్యూకో పెయింట్ వేసే మేస్త్రీ గారిని మొన్న అడిగితే ఆయన వేసిన మొదటి ప్రశ్న, "లోపల మెరుపు కోసం పాలిష్ ఏమైనా కొట్టారా బాబూ?" అని. కొట్టాం, ఏళ్ళ తరబడి. "అయితే రంగు సంగతి తర్వాత, ముందు సబ్బుతో బాగా తోమండి. దుమ్ము కంటే అదే ఎక్కువ ఏడిపిస్తుంది" అన్నారు. డాష్‌బోర్డ్ పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది కాస్త మిగిలినా రంగు అక్కడ గుండ్రంగా విడిపోయి గుంటలు పడుతుంది. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో ప్యానెల్ మీది సన్నటి గరుకు డిజైన్‌లోకి వెళ్ళేలా తోమాను. వచ్చిన మురికి చూసి అమ్మ "ఇంత మట్టి మధ్యలోనా మనం తిరిగింది!" అంది. నీడన ఆరబెట్టి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. అక్కడి నుంచి చేతులకి గ్లోవ్స్, ఎందుకంటే వేలి జిడ్డు కూడా అడ్డమే.

గీతలు లోతుగా ఉన్నచోట 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), ఆపైన ఇంకా సన్నటి 600. మిగతా భాగమంతా స్కాచ్ బ్రైట్‌తో మెరుపు పోయేదాకా రుద్దడమే. ఇక్కడ చెయ్యి బరువు తగ్గించుకోవాలి. ఎక్కువ రుద్దితే కంపెనీవాళ్ళు అచ్చుపోసిన గరుకు డిజైన్ పోతుంది, ఏ రంగూ దాన్ని తిరిగి తేలేదు.

ఆ తర్వాత అసలు మందు, ప్లాస్టిక్ ప్రైమర్ కంటే ముందు పాలిప్రొపిలీన్‌కి కొట్టే పారదర్శకమైన పొర. షాపులో దీన్ని అడ్హెషన్ ప్రమోటర్ అనే అడగాలి. పల్చగా కొట్టి, డబ్బా మీద రాసినంతసేపే ఆగి, అది పూర్తిగా గట్టిపడకముందే పై పొర వెయ్యాలి. అపార్ట్‌మెంట్ పైన మేడ మీద, గాలి తిరిగేచోట, నేల తడిపి దుమ్ము అణిచి కొట్టాను. ముక్కుకి మామూలు గుడ్డ మాస్క్ చాలదు, బొగ్గు ఫిల్టర్ ఉన్నది పెట్టుకున్నాను. రెండు మందులు కలిపి కొట్టే గట్టి క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పూత, జోలికి వెళ్ళలేదు. దాంట్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు ప్రమాదం. అది సరైన బూత్ (స్ప్రే కొట్టే ప్రత్యేక గది), సరైన మాస్క్ ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పని.

జానెడు దూరం నుంచి, ప్యానెల్ అంచు దాటాక మొదలుపెట్టి రెండో అంచు దాటాక ఆపుతూ, పల్చటి పొరలు. మొదటి పొరలో అడుగు కనబడుతూనే ఉంటుంది. అప్పుడు ఇంకొంచెం కొడదామని చెయ్యి లాగుతుంది, లొంగకూడదు. పొర పొరకీ మధ్య పావుగంట ఆగాను. ఆ పావుగంటల్లో నాన్న టీ తాగుతూ ఈ కారులో నన్ను మొదటిసారి కాలేజీలో దింపిన రోజు గురించి చెప్పారు. అలా చెప్పడం ఆయనకి అరుదు.

రంగు విషయంలో మా తమ్ముడు ఫోన్లో నిగనిగలాడే నలుపు వెయ్యమన్నాడు. ఇప్పుడు అందరూ అదే వేయిస్తున్నారట. నాకు ససేమిరా ఇష్టం లేదు. మన ఎండల్లో పార్క్ చేసిన కారులో నల్ల ప్లాస్టిక్ ముట్టుకోలేం. పైగా మెరిసే రంగు డాష్‌బోర్డ్ పైభాగాన ఉంటే ముందు అద్దంలో దాని నీడ పడి రోడ్డు సరిగ్గా కనబడదు. కంపెనీ ఇచ్చిన లేత గోధుమ రంగుకి దగ్గరగా ఉన్న మ్యాట్ రంగే వేశాను. చెయ్యి ఎప్పుడూ ఆనే హ్యాండిల్‌కీ ఆర్మ్‌రెస్ట్‌కీ వెయ్యలేదు. చెమట, నూనె తగిలి అక్కడ ముందుగా అరిగిపోతుంది.

ఇది చదివి ఎవరైనా తమ కారుకి చేద్దామనుకుంటే ఒక్కటి గట్టిగా చెబుతాను. ఎయిర్‌బ్యాగ్ మూత మీద రంగు వెయ్యకండి. 2019 జూలై నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ మూత అనుకున్నచోటే చిరిగి తెరుచుకునేలా చేసి ఉంటారు. మందపాటి రంగు పొర దాన్ని మార్చేస్తుంది, పెచ్చులు మొహం మీదికి ఎగరవచ్చు. సీట్ బెల్ట్ పట్టీకీ రంగు, థిన్నర్ తగలనివ్వకండి, నేత బలం తగ్గిపోతుంది. మా కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు. బెల్ట్ ఉన్న స్తంభం ప్యానెల్‌ని కూడా పూర్తిగా ఊడదీసి బయటే రంగు వేశాను.

మూడింటికి చివరి పొర పడింది. గీతలు పోయాయి. బాగా దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక లోతైన గీత ఆనవాలు వెనక డోర్ మీద ఉంది, ఉండనీ. ముట్టుకుంటే ఆరినట్టే ఉంది కానీ లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. అందుకే అన్నీ పై గదిలో గోడకి ఆనించి తాళం వేశాను. ఈ వారం నేను ఆఫీసుకి బస్సులోనే. నాన్న మాత్రం స్క్రూల పళ్ళెం తన బీరువాలో పెట్టుకున్నారు, వచ్చే ఆదివారం ఆయనే బిగిస్తారట.